పాత కారుకు నమ్మకమైన షెడ్డు: రేణిగుంట రోడ్డు మెకానిక్

మా 2008 నాటి వాగన్ ఆర్‌ను రెండేళ్లుగా తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కనున్న ఒక చిన్న షెడ్డులోనే బాగు చేయిస్తున్నాము. పదిహేనేళ్లు నిండి, రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లకు పొడిగించుకున్న బండిలో నేటికీ ధైర్యంగా కొండకు వెళ్లి వస్తున్నామంటే అది ఆ మెకానిక్ చలవే.

మొదటిసారి ఆయన దగ్గరకు వెళ్లింది, రెండో ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా ఇంజన్ వేడెక్కి, వేడిని చూపే ముల్లు ఎర్రగీతను తాకినప్పుడు. అంతకుముందు మరొకచోట చూపిస్తే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగం కింద ఉండే సీలు) పోయిందనీ, ఇంజన్ విప్పాల్సిందేననీ తేల్చేశారు. ఈయన ఇంజన్ పూర్తిగా చల్లారేవరకు రేడియేటర్ మూతను ముట్టలేదు. తర్వాత, ఇంజన్ వేడెక్కగానే తెరుచుకుని నీటిని రేడియేటర్‌కు వదలాల్సిన థర్మోస్టాట్‌ను ఊడదీసి, స్టీలు గిన్నెలో మరుగుతున్న నీళ్లలో వేసి, ‘చూడండి సార్, తెరుచుకోవడం లేదు’ అని చూపించారు. ఏళ్ల తరబడి కూలెంట్‌కు బదులు మేము బోరు నీళ్లు పోయడం వల్ల దానికి తెల్లగా సున్నం పట్టింది. దాన్ని మార్చి, రేడియేటర్‌ను కడిగి, కూలెంట్ నింపాక ముల్లు మళ్లీ సగం దాటలేదు.

బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుందనీ, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆ వేడికి మరిగితే పెడల్ కిందికి జారిపోతుందనీ వివరించి, రెండేళ్లకొకసారి మార్చాలని పట్టుబట్టింది కూడా ఈయనే.

చెప్పిన సమయానికి బండి చేతికి రాదు; ఒక రోజు అదనంగా అనుకునే వెళ్లాలి. తీసిన పాత భాగాలను మాత్రం కాగితంలో చుట్టి, బిల్లుతోపాటు తప్పక ఇస్తారు.