పక్కపక్క నల్లరాళ్లను విడదీయాలంటే ఏ ఐసోటోపు మేలు?

ఎమ్మెస్సీ జియాలజీ పిల్లలు ప్రాజెక్టు రోజుల్లో అడిగేది ఒకటే: "సార్, చేతిలో ఉన్న డబ్బు ఒక్క ఐసోటోపుకే సరిపోతుంది. ఈ రెండు డైకులు ఒకే మూలం నుంచి వచ్చాయా, వేర్వేరా? స్ట్రాంషియం చేయించమంటారా, నియోడిమియమా, సీసమా?" డైకంటే పగుళ్లలోకి చొరబడిన శిలాద్రవం గట్టిపడిన నల్లరాతి గోడ; ఐసోటోపులంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు. మామూలు రసాయన విశ్లేషణతో ఎందుకు తేలదో వాళ్లకూ తెలుసు. మెగ్నీషియం ఎక్కువున్న ఆలివిన్ స్ఫటికాలు కాస్త అడుగుకు దిగితే చాలు, ఒకే శిలాద్రవంలో మెగ్నీషియం పడిపోతుంది. ఈ బరువు మూలకాల ఐసోటోపు నిష్పత్తి మాత్రం దానివల్ల చెక్కుచెదరదు.

పుస్తకాలు చూస్తే సీసమే గెలిచినట్టు ఉంటుంది. హవాయిలో కిలావియా అగ్నిపర్వతం, మౌనా లోవా అనే ఇంకో అగ్నిపర్వతాన్ని ఆనుకునే ఉంది. అయినా సీసం 206కు ఎదురుగా 208ని పెట్టి గ్రాఫ్ గీస్తే మౌనా లోవా ఒక వరుసలో, కిలావియా మౌనా కియాతో కలిసి ఇంకో వరుసలో పడతాయి. అంత సన్నని తేడా పట్టడంలో నియోడిమియం సీసానికి సాటి రాదు.

కానీ హవాయి రాయి నిన్నమొన్నటిది. మనవాటిలో 218 కోట్ల ఏళ్లనాటి డైకుల సమూహానికి మహబూబ్‌నగర్–దండేలి అనే పేరు. తూర్పు ధార్వార్ అనే పాత శిలాఖండంలో 237 కోట్ల ఏళ్లవీ, 189 కోట్ల ఏళ్లవీ ఉన్నాయి. (వయసే తేడా అని తేలితే ఐసోటోపు దాకా పోనక్కర్లేదు, బాడెలియైట్ అనే ఖనిజం వయసుతోనే పని అయిపోతుంది.) ఇంత పాత రాయిలో ఇప్పటి నిష్పత్తి చాలదు, పుట్టిననాటి నిష్పత్తికి వెనక్కి లెక్కగట్టాలి. క్షయమయ్యే తల్లి మూలకమూ, దాన్నుంచి పుట్టే పిల్ల మూలకమూ అన్నాళ్లూ రాయిని వదలకుండా ఉంటేనే ఆ లెక్క నిలుస్తుంది. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే. స్ట్రాంషియానికి తల్లి రుబీడియం, అది నీళ్లతో పోతుంది. స్ట్రాంషియం కాల్షియం వెంట తిరుగుతుంది. ఆక్సిజన్ ఉన్న నీటిలో సీసానికి తల్లి అయిన యురేనియం ఇట్టే కరుగుతుంది, దాంతో సీసం లెక్కా చెడుతుంది. తల్లి సమేరియం, పిల్ల నియోడిమియం మాత్రం విడిపోని అన్నదమ్ములు, అంత తేలిగ్గా కదలవు. కాబట్టి పాలమూరు, నల్లగొండ డైకులకు నా ఓటు నియోడిమియానికే.

వికారాబాద్ వైపు దక్కన్ బసాల్ట్ వయసు 6.6 కోట్ల ఏళ్లే, వెనక్కి లెక్క చిన్నదే. అక్కడ చిక్కు వేరు: అనంతగిరి గుట్టల మీద బసాల్ట్ కుళ్లి లాటరైట్ అనే ఎర్రరాయి అయింది. స్ట్రాంషియం చేయించేవాళ్లు గట్టి రాయి దొరికేదాకా కిందికి వెళ్లాలి. పశ్చిమ కనుమల్లో స్ట్రాంషియం బాగానే పనిచేసిందంటారా? అక్కడి అంబేనలి లావాల స్ట్రాంషియం 87/86 నిష్పత్తి 0.704 దగ్గర, బుషె లావాలది 0.713 పైన. అంత ఎడం ఉంటే ఏదైనా పట్టేస్తుంది!

నియోడిమియానికీ ఒక గండం ఉంది. శిలాద్రవం పైకి వస్తూ దారిలోని పాత గ్రానైట్‌ను మింగితే నియోడిమియం 143/144 నిష్పత్తి కిందికి జారుతుంది. ఒక డైకు ఎక్కువ, ఇంకోటి తక్కువ మింగితే మూలాలే వేరన్నట్టు కనిపిస్తాయి. అందుకే సిలికాతో కలిపి గ్రాఫ్ గీయండి. సిలికా పెరిగేకొద్దీ నిష్పత్తి తగ్గుతుంటే అది గ్రానైట్ పని. సిలికా ఒకేలా ఉన్నా నిష్పత్తి రెండు గుంపులైతే మూలాలు వేరన్న మాటకు బలం వస్తుంది.

హీలియం అడగకండి, దానికి తాజా ఆలివిన్ కావాలి. ఆస్మియం ఖర్చు మీ ప్రాజెక్టుకు మించిన పని.

నియోడిమియం కోసం కరిగించిన రాయి ద్రావణంలోంచే స్ట్రాంషియాన్నీ కాలమ్‌లో (మూలకాలను వేరుచేసే రెసిన్ నింపిన గొట్టంలో) వేరు చేయవచ్చు. ల్యాబ్‌వాళ్లను అడిగి చూడండి. నియోడిమియం ఒకచోట కుదురుగా ఉండి స్ట్రాంషియం చెదిరితే, ముందు అనుమానించాల్సింది మూలాన్ని కాదు, నీటిని.