పారిస్‌లో పాత పత్రికల బొమ్మల వెంట

పారిస్ వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఈఫిల్ టవర్, లూవ్ర్ మ్యూజియం చూసి వచ్చేస్తారు. వలస రాజ్యాన్ని ఫ్రాన్స్ తన సొంత జనానికి ఎలా చూపించిందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు మాత్రం నేను వేరే దారి చెబుతాను. ముందు పాత పత్రికల బొమ్మలు చూడండి, మ్యూజియాలు ఆ తర్వాత.

ఈ పని ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వాళ్ల గాలికా సైట్‌లో ‘ల పెతి జుర్నాల్’ అనే దినపత్రిక రంగుల వారపు అనుబంధం సంచికలు ఉచితంగా దొరుకుతాయి. అయిదు సెంటీములకు అమ్మిన ఆ పత్రిక 1890ల్లో దాదాపు పది లక్షల కాపీలు పోయేది. ఫొటోలు ఇంకా పత్రికల్లో కుదురుకోని కాలమది. ఎక్కడో ఆఫ్రికాలో జరిగిన యుద్ధాన్ని, టెలిగ్రాముల్లో వచ్చిన కబుర్ల ఆధారంగా పారిస్‌లోనే కూర్చుని గీసేవాళ్లు. చదవడం అంతగా రాని ఇంట్లోకి కూడా ఆ బొమ్మ వెళ్లేది.

నన్ను బాగా పట్టేసింది 1911 నవంబరు 19 నాటి ముఖచిత్రం. ఫ్రాన్స్‌కు ప్రతీక అయిన మారియాన్ పెద్ద కొమ్ము పట్టుకుని నిలబడి ఉంటుంది. అందులోంచి బంగారు నాణేలు జలజలా రాలుతుంటాయి, ముందు మొరాకో జనం ఉంటారు. ఫ్రాన్స్ ఇక మొరాకోకు నాగరికతను, సంపదను, శాంతిని స్వేచ్ఛగా తీసుకెళ్లగలదని కింద రాశారు. నాలుగు నెలలు దాటాక, 1912 మార్చి 30న, ఫెజ్ ఒప్పందంతో మొరాకో ఫ్రాన్స్ చేతిలోకి వెళ్లిపోయింది.

ఈ బొమ్మ మనసులో పెట్టుకుని పలే ద లా పోర్ట్ దోరేకి వెళ్లండి. మెట్రో 8వ లైన్‌లో అదే పేరున్న స్టేషన్‌లో దిగాలి. సోమవారం సెలవు. 1931 వలస రాజ్యాల ప్రదర్శన కోసం కట్టిన భవనం ఇది. వెయ్యి చదరపు మీటర్లకు పైగా ఉన్న ముందు గోడ నిండా ఆల్ఫ్రెద్ జానియో చెక్కించిన శిల్పాలే. మనుషులు, ఏనుగులు, ఓడలు, చెట్లు సందు లేకుండా అల్లుకుపోయి ఉంటాయి. సరుకులన్నీ ఫ్రాన్స్ రేవుల వైపు కదులుతున్నట్టు కూర్చారు. మధ్యలో సమృద్ధి దేవత కూర్చుని అందుకుంటుంది. పత్రికలో సంపద ఫ్రాన్స్ నుంచి మొరాకోకు పారింది కదా, ఈ రాతి మీద ప్రవాహం తిరగబడింది. పని మాత్రం ఎంత అందంగా ఉందంటే, చూస్తున్నంతసేపూ మనసు ఇబ్బంది పడింది.

లోపలి హాల్లో మళ్లీ పత్రిక భాషే: ఫ్రాన్స్ తన వలస రాజ్యాలకు ఏమేం ఇచ్చిందో గోడల నిండా కుడ్యచిత్రాలు. ఇప్పుడు ఇదే భవనంలో వలసదారుల చరిత్ర మ్యూజియం నడుస్తోంది, నాకు అది సరైన నిర్ణయంగా అనిపించింది. కింద అక్వేరియం ఉంది కాబట్టి పిల్లలతో వచ్చినవాళ్లకు టెన్షన్ లేదు. 1931లో ఫ్రెంచి ఇండియాకూ ఇక్కడి ప్రదర్శనలో ఒక పెవిలియన్ కట్టారు. మన యానాం 1954 దాకా వాళ్ల పాలనలోనే ఉంది. అందుకే ఇదంతా నాకు పరాయి చరిత్రలా అనిపించలేదు.

టైమ్ ఉంటే శివారు ప్రాంతాలకు వెళ్లే ఆర్‌ఈఆర్ రైళ్లలో ‘ఏ’ లైన్ ఎక్కి నొజాన్ స్టేషన్‌కు వెళ్లి, అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఉష్ణమండల వ్యవసాయ తోట చూడండి. టికెట్ లేదు. 1907 ప్రదర్శన నాటి పెవిలియన్లు కొన్ని పాడుబడి ఉన్నాయి, ఇండోచైనా పెవిలియన్ మాత్రం బాగుచేశారు. లోపల తినడానికేమీ దొరకదనుకుని వెళ్లడం మంచిది, మంచినీళ్లు వెంట ఉంచుకోండి. ఆఫ్రికా, ఆసియా లాంటి యూరప్ బయటి ప్రాంతాల వస్తువులున్న కే బ్రాన్లీ మ్యూజియం పెద్దదే, వస్తువులు గొప్పవే. కానీ లైట్లు బాగా తక్కువ, పెద్దవాళ్లకు కష్టం. దహోమే (ఇప్పటి బెనిన్‌లోని పాత రాజ్యం) రాజవంశం వస్తువులు 26 అక్కడి నుంచే 2021లో బెనిన్‌కు తిరిగి వెళ్లాయి.

బస తూర్పు వైపు, నాసియోన్ చుట్టుపక్కల చూసుకుంటే పలే ద లా పోర్ట్ దోరేకీ, తోటకీ దగ్గర. మేం దిగిన చిన్న హోటల్ శుభ్రంగా ఉంది, సిబ్బంది మర్యాదగా మాట్లాడారు. లిఫ్ట్‌లో మాత్రం ఒక మనిషి, ఒక సూట్‌కేసు, అంతే. గదిలో ఏసీ లేదు, ఎండాకాలం వెళ్లేవాళ్లు ముందే అడగాలి. అన్నం మీద మనసైతే గార్ ద్యు నోర్ రైల్వే స్టేషన్ వెనక లా షపెల్ వీధుల్లో శ్రీలంక తమిళుల హోటళ్లున్నాయి. మిగతా చోట్లతో పోలిస్తే ధర తక్కువే, కారం సరిపోతుంది.

సెన్ నది గట్టు మీద ఆకుపచ్చ పెట్టెల్లో పాత పుస్తకాలు అమ్మేవాళ్ల దగ్గర ఈ అనుబంధాల అసలు కాపీలు కనిపిస్తాయి. కొనేముందు వెనక్కి తిప్పి చూడండి. అసలుదైతే వెనక కూడా అచ్చు ఉంటుంది, కాగితం పసుపు తిరిగి అంచులు పెళుసుబారి ఉంటాయి. వెనక తెల్లగా ఉంటే అది ఇప్పటి నకలు. అట్ట పెట్టి ఇమ్మని అడగండి, సూట్‌కేసులో మడత పడితే చిరిగిపోతుంది.