ఎర్ర గచ్చు మీద అంటించిన వినైల్ తీయడానికి కొన్న హీట్ గన్ ఎలా ఉందంటే

బెంగళూరు మల్లేశ్వరంలో మా అత్తయ్యగారి పాత ఇంట్లో హాలుకీ రెండు గదులకీ ఎర్ర గచ్చు మీద ఎప్పుడో వినైల్ షీట్ (నేల మీద పరిచే ప్లాస్టిక్ షీట్) అంటించేశారు. ఈ వానలకి మూలలు లేచి కింద కంపు మొదలైంది. మేస్త్రిని పిలిస్తే, "బ్రేకర్ పెట్టి గచ్చుతో సహా లేపేసి టైల్స్ వేద్దాం సార్" అన్నాడు. అత్తయ్యగారు ససేమిరా అన్నారు. ఏళ్ల తరబడి కొబ్బరినూనె రాసి, తుడిచి ఆ గచ్చుకి మెరుపు తెచ్చింది ఆవిడే. దాంతో ఎస్పీ రోడ్డుకి వెళ్లి వేడిగాలి ఊదే 2000 వాట్ల హీట్ గన్, గీకడానికి పొడుగు పిడి స్క్రేపర్ కొన్నాను.

షీట్ తీయడానికి హీట్ గన్ చాలా బాగుంది. కత్తితో జానెడు వెడల్పు పట్టీలుగా కోసుకుని, అంచున కాస్త వేడి తగలనిచ్చి, ఒక చేత్తో లాగుతూ రెండో చేత్తో కింద స్క్రేపర్ తోస్తుంటే చాపలా చుట్టుకుంటూ వచ్చేస్తుంది. తక్కువ వేడి సెట్టింగే చాలు. ఒకేచోట ఆపితే వినైల్ మాడి, ముక్కు మండించే పొగ వస్తుంది, అది హైడ్రోజన్ క్లోరైడ్, ఒంటికి మంచిది కాదు. కిటికీలన్నీ తీసి పెట్టుకోండి.

కరెంటు సంగతి షాపులో ఎవరూ చెప్పలేదు. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లంటే దాదాపు 9 ఆంప్స్. మొదటిరోజు మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెడితే పావుగంటలో ప్లగ్గు వేడెక్కి కాలిన వాసన వచ్చింది, ఇంట్లో అందరికీ టెన్షన్. గీజర్‌కి వాడే 16 ఆంప్స్ సాకెట్ నుంచి లావు వైరు లాగించాకే ధైర్యంగా వాడాను.

జిగురు దగ్గర మాత్రం ఇది పనికిరాదు. షీట్ వచ్చేశాక మిగిలిన పసుప్పచ్చ రబ్బరు జిగురు వేడికి ఇంకా సాగి స్క్రేపర్‌కి పూసుకుంటుంది. టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డ పరిచి, అరగంట ఆగి గీకితే ఉండలుగా వచ్చింది, ముందు తలుపు వెనక మూలలో చూసుకుని గచ్చు రంగు పోవట్లేదని తేలాకే మిగతాచోట్ల వాడాను. టర్పెంటైన్ మంట అంటుకునే సరుకు, గన్ మూతి ఆపాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. అందుకే గదిలో షీటంతా తీసేసి, జిగురు పని మర్నాడు పెట్టుకున్నాను.

వంటింట్లో 9 అంగుళాల గట్టి వినైల్ పలకలు, కింద నల్ల జిగురు ఉన్నాయి. అంత పాతవాటిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశముంది, గీకినా గ్రైండర్ పెట్టినా ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిన్నపిల్లలున్న ఇల్లు. వాటి జోలికి పోకుండా పైన కొత్త షీట్ పరిపించాం.

గన్‌కి ఐదుకి నాలుగు ఇస్తాను. స్క్రేపర్‌కి రెండే. బ్లేడు మార్చుకునే వీలు లేదు, రెండో ఆదివారానికే మొద్దుబారింది, గట్టిగా నొక్కితే జారి బ్లేడు మూల గచ్చులో గుచ్చుకుంది. మీరు బ్లేడ్లు మార్చుకునేదే కొని, బ్లేడు మూలలు ఆకురాయితో కాస్త గుండ్రంగా అరగదీసుకోండి. మా హాలు గుమ్మం దగ్గర గచ్చు మీద పడిన బెత్తెడు గీత నూనె రాసినా కనిపిస్తూనే ఉంది.