పల్లె కౌంటీలో డ్రంకెన్ డ్రైవ్ కేసు: రికార్డు వెతకడానికి ఏ దారి మేలు?

విస్కాన్సిన్ రాష్ట్రంలో మ్యాడిసన్ నుంచి మినియాపోలిస్ వైపు వెళ్లే ఐ-90/94 హైవే జూనో కౌంటీ గుండా పోతుంది. కౌంటీ మొత్తం జనాభా 27 వేల లోపే. మాస్టన్ అనే చిన్న ఊరు దానికి కేంద్రం. షికాగో, మ్యాడిసన్‌ల నుంచి వారాంతానికి విస్కాన్సిన్ డెల్స్ వైపు వచ్చే తెలుగువాళ్లకు ఈ దారి బాగా పరిచయమే. ఇక్కడ పోలీసులు ఆపి, తాగి కారు నడిపారని టికెట్టు రాస్తే కేసు నడిచేది మీరు కాపురముండే ఊళ్లో కాదు, ఆపిన కౌంటీలో. కోర్టు దస్త్రం కూడా అక్కడే ఉంటుంది.

ఆ దస్త్రం ఎవరికి కావాలి? వీసా స్టాంపింగుకు వెళ్లే విద్యార్థికి కావాలి. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టే ఉద్యోగికి కావాలి. తాగి నడిపినవాడి వల్ల మనిషిని పోగొట్టుకుని, కేసు ఏమైందో తెలుసుకోవాలనుకునే కుటుంబానికి కావాలి. అబ్బాయి అమెరికాలో ఉన్నాడని సంబంధం వస్తే, గుంటూరులోనో కరీంనగర్‌లోనో కూర్చుని వాకబు చేసే తల్లిదండ్రులకూ కావాలి. వీళ్లందరి ముందూ నాలుగు దారులున్నాయి: రాష్ట్ర కోర్టుల ఉచిత వెబ్‌సైటు, కౌంటీ కోర్టులో క్లర్కు కార్యాలయం, రాష్ట్ర న్యాయశాఖ నేరచరిత్ర తనిఖీ, డబ్బు తీసుకుని వివరాలమ్మే ప్రైవేటు సైట్లు. చాలామంది మొదట నాలుగోదానికే పోతారు, గూగుల్‌లో పైన కనిపించేది అదే కాబట్టి. నా దృష్టిలో అన్నిటికంటే పనికిరానిది అదే.

విస్కాన్సిన్‌లో 72 కౌంటీల సర్క్యూట్ కోర్టు (కౌంటీ స్థాయి కోర్టు) కేసులన్నిటికీ కలిపి ఒకే ఉచిత వెబ్‌సైటు ఉంది. అక్కడి జనం దాన్ని సీక్యాప్ అంటారు. ఇంటిపేరు, పేరు, తెలిస్తే పుట్టిన తేదీ, కౌంటీ ఇస్తే చాలు. హైదరాబాదులో కూర్చుని కూడా చూడవచ్చు. పెపిన్, బఫెలో వంటి రెండు కౌంటీలకు కలిపి ఒకే జడ్జి ఉండేంత చిన్నచోట్ల కేసులూ పెద్ద నగరం మిల్వాకీ కేసులూ ఇక్కడ ఒకే తీరుగా కనిపిస్తాయి. పల్లె కౌంటీ కదా, కంప్యూటర్లో ఏముంటుందిలే అనుకోనక్కర్లేదు.

అయితే అక్కడ కనిపించేదాన్ని చదవడం తెలియాలి. ఈ రాష్ట్రంలో తాగి నడపడాన్ని ఓడబ్ల్యూఐ అంటారు. మొదటిసారి పట్టుబడితే, కారులో 16 ఏళ్ల లోపు పిల్లలు లేకపోతే, అది నేరం కిందికి రాదు, జరిమానాతో పోయే సివిల్ ఉల్లంఘన. 150 నుంచి 300 డాలర్ల జరిమానా, దానిమీద సర్‌ఛార్జీలు, ఆరు నుంచి తొమ్మిది నెలల పాటు లైసెన్సు రద్దు. ఇలా చూసే రాష్ట్రం అమెరికా మొత్తంలో ఇదొక్కటే. అందుకే మొదటి కేసు నంబరులో ట్రాఫిక్ కేసులకు వాడే టీఆర్ అక్షరాలుంటాయి. పదేళ్లలో రెండోసారి అయితే క్రిమినల్ ట్రాఫిక్ కింద సీటీ అని వస్తుంది. నాలుగోసారి అయితే ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం; నంబరులో సీఎఫ్ అని వస్తుంది. ఒక్క ఈ రెండక్షరాలు చూసి కేసు ఏ స్థాయిదో చెప్పేయవచ్చు.

పేజీలో అభియోగాల పట్టిక దగ్గర తప్పుగా చదివేవాళ్లు చాలామంది. సాధారణంగా రెండు అభియోగాలు కలిపి పెడతారు: మత్తులో నడిపారన్నది 346.63(1)(ఎ) కింద, రక్తంలో మద్యం 0.08 పరిమితిని చేరిందన్నది 346.63(1)(బి) కింద. శిక్ష పడేది ఒక్కదానికే. రెండోదాని ఎదురుగా ‘కొట్టివేశారు’ అని ఉంటుంది. ఆ ఒక్క గడి చూసి కేసే కొట్టేశారని సంబరపడేవాళ్లున్నారు. పట్టికలో రెండు వరుసలు చూసి అబ్బాయి రెండుసార్లు పట్టుబడ్డాడని సంబంధం వదులుకునేవాళ్లూ ఉంటారు. మద్యం పరీక్షకు ఒప్పుకోకపోతే దానికి వేరే కేసు నంబరే పడుతుంది. అదీ ఆ రాత్రి సంగతే. తేదీలు కలుపుకుని చదివితే అంతా ఒకే ఘటన అని తెలిసిపోతుంది.

ఇక మన పేర్ల సంగతి. పాస్‌పోర్టులో ఒక వరుస, లైసెన్సులో మరో వరుస. వెంకట సాయి కృష్ణ అనే మూడు మాటలు ఒక చోట విడివిడిగా, ఇంకో చోట అతికించి, వేరొక చోట చివరి అక్షరాలు తెగిపోయి ఉంటాయి. ఇంటిపేరు ఉండాల్సిన గడిలో రెడ్డి అనో రావు అనో పడుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్లకు అసలు పేరే ఇంటిపేరు అయిపోయి, పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (పేరు తెలియదు అని అర్థం) అని చేరుతుంది. కాబట్టి ఒక్క రకంగా వెతికి ఏమీ లేదనుకోవద్దు. అన్ని వరుసల్లోనూ వెతకండి. పేరు కలవగానే మనిషి దొరికాడనీ అనుకోవద్దు. ఒకే పేరున్న తెలుగు యువకులు ఒక్క మిడ్‌వెస్ట్‌లోనే ఎంతమంది ఉంటారో! పుట్టిన తేదీ సరిపోలకపోతే అక్కడితో ఆగిపోవాలి. ఇది ఒక మనిషి పెళ్లికీ బతుకుతెరువుకూ సంబంధించిన విషయం.

సీక్యాప్‌కు పెద్ద లోటు ఒకటుంది. హైవే మీద షెరీఫ్ మనిషో స్టేట్ పట్రోలో రాసిన టికెట్టు సర్క్యూట్ కోర్టుకు వెళ్తుంది. ఊరి పోలీసులు రాసిన మొదటి టికెట్టు మాత్రం ఆ ఊరికి సొంత మునిసిపల్ కోర్టు ఉంటే దానికే పోతుంది. ఇలాంటి మునిసిపల్ కోర్టులు రాష్ట్రంలో 200కు పైగా ఉన్నాయి. వాటి కేసులు సీక్యాప్‌లో కనిపించవు. ఆ ఊరి కోర్టు క్లర్కును అడగాల్సిందే. సీక్యాప్‌లో లేదు కాబట్టి తాగి నడపలేదని రాసిస్తే అది సాహసమే. పైగా రక్త పరీక్ష ఫలితం వచ్చేదాకా ప్రాసిక్యూటర్ ఆగితే, అరెస్టయిన వారాల తర్వాత గానీ కేసు నమోదు కాదు. నిన్నటి సంగతి ఇవాళ సైట్లో లేకపోవడం దేనికీ రుజువు కాదు.

మరి క్లర్కు కార్యాలయం? ఒక్క పేరు వెతకడానికైతే అంత దూరం వెళ్లక్కర్లేదు. సీక్యాప్‌లో దస్త్రం సారాంశమే ఉంటుంది. ఫిర్యాదు, తీర్పు వంటి కాగితాల నకళ్లు ఉండవు. అవి క్లర్కు దగ్గరే. పేజీకి 1.25 డాలర్లు, ముద్ర వేసి ధ్రువీకరించాలంటే ఒక్కో కాగితానికి మరో 5 డాలర్లు. కేసు నంబరు చెప్పకుండా వెతికిపెట్టమంటే దానికి ఇంకో 5 డాలర్లు. అందుకే ముందు ఉచిత సైట్లో నంబరు పట్టుకుని, ఆ నంబరుతో క్లర్కును అడగడం తెలివైన పద్ధతి. చిన్న కౌంటీల్లో నాకు నచ్చేది ఇదే: కౌంటరు దగ్గర వరుసలుండవు, ఫోను చేస్తే మనిషే ఎత్తుతారు, ఎంత చెక్కు పంపాలో, ఏ కవరు జతచేయాలో చెప్తారు. న్యాయ సలహా మాత్రం అడగవద్దు, ఇవ్వడం వాళ్ల పని కాదు.

ఈ ముద్ర ఉన్న నకలు విలువ వీసా దగ్గర తెలుస్తుంది. డీఎస్-160 దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. శిక్ష పడిందా అని మాత్రమే కాదు. గత అయిదేళ్లలో తాగి నడిపినందుకు అరెస్టయితే, కోర్టులో కేసు నిలవకపోయినా, వీసాను రద్దు చేసే అధికారం కాన్సులేట్లకు 2015 నుంచి ఉంది. ఆ తర్వాత కొత్త వీసా అడిగినప్పుడు వైద్య పరీక్షకు కూడా పంపుతారు. విస్కాన్సిన్ చట్టం ప్రకారం నేరమే కాని మొదటి టికెట్టయినా, అరెస్టంటూ జరిగితే కాన్సులేట్ దాన్ని వేరుగా చూడదు. పౌరసత్వానికి వస్తే, లెక్కలోకి తీసుకునే కాలంలో తాగి నడిపినందుకు రెండు శిక్షలుంటే మంచి నడవడి లేనట్టే మొదట భావించాలని 2019లో అటార్నీ జనరల్ తీర్పిచ్చారు. ఇలాంటి చోట వెబ్‌సైటు స్క్రీన్‌షాట్ తీసుకెళ్లి బతిమాలడం కంటే, తీర్పు నకలు ముద్రతో సహా పట్టుకెళ్లడం ఎంతో మేలు.

రాష్ట్ర న్యాయశాఖ ఆన్‌లైన్ తనిఖీకి పేరుకు 7 డాలర్లు. అది వేలిముద్రలు తీసుకున్న నేరాలకు సంబంధించిన జాబితా. మొదటి ఓడబ్ల్యూఐ నేరం కాదు కాబట్టి మామూలుగా అందులో ఉండదు. రెండోదీ ఆపైనా అయితే ఉపయోగమే. తన గురించి తానే తెలుసుకోవాలనుకునేవారికి ఇంతకంటే మంచి మార్గం డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీఎంవీ దగ్గర సొంత డ్రైవింగ్ రికార్డు తీసుకోవడం. మునిసిపల్ కోర్టు శిక్షలు కూడా అక్కడికి చేరతాయి.

ప్రైవేటు సైట్ల గురించి ఎక్కువ రాయాలని లేదు. కోర్టుల నుంచి ఎప్పుడో ఎత్తుకున్న సమాచారాన్ని పేరు పోలికతో కలగలిపి, ‘నేర చరిత్ర కనిపించింది’ అని ఎర్రక్షరాల్లో భయపెట్టి, నెలసరి చందా కట్టించుకునే తీరు చాలా సైట్లది. కొట్టేసిన కేసును తర్వాత సరిదిద్దే శ్రద్ధ కనిపించదు. ఉద్యోగం కోసం చేసే అసలైన బ్యాక్‌గ్రౌండ్ తనిఖీ సంస్థలు వేరు. వాటికి 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం వర్తిస్తుంది, తప్పుంటే సవాలు చేయవచ్చు. చందా సైట్లు ఆ చట్టం తమకు వర్తించదని కింద చిన్నక్షరాల్లో రాసుకుంటాయి. ఆ ఒక్క వాక్యం చాలు వాటి మీద ఆధారపడకూడదని చెప్పడానికి.

రాష్ట్రం మారితే ఈ లెక్క కొంత మారుతుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో 254 కౌంటీలు. మొదటి కేసు మిస్‌డిమీనర్ (చిన్న నేరం), కాబట్టి దస్త్రం కౌంటీ క్లర్కు దగ్గర; మూడోసారికి ఫెలనీ అయి డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గరికి చేరుతుంది. కొన్ని పల్లె కౌంటీల్లో ఫోనే మొదటి మెట్టు అవుతుంది. ఇల్లినాయ్‌లో 102 కౌంటీలకు ఎవరి క్లర్కు పద్ధతి వారిది. చిన్న కౌంటీలు చాలావరకు జుడిసి అనే సైటు ద్వారా కేసులు చూపిస్తాయి. ప్రైవేటు సంస్థ నడిపేదే అయినా అందులో ఉండేది కోర్టులు ఇచ్చే సమాచారం, పైన చెప్పిన చందా సైట్లతో దాన్ని కలపకూడదు. అక్కడ కూడా ముద్ర కావాలంటే క్లర్కు దగ్గరికే వెళ్లాలి.

కేసు మీదే అయితే, ముగిసిన నెలలోనే తీర్పు, ఫిర్యాదు, జరిమానా కట్టిన రసీదు మూడింటికీ ధ్రువీకరించిన నకళ్లు రెండేసి తెప్పించుకోండి. ఒక జత మీ దగ్గర, ఒక జత ఇంటి దగ్గర అమ్మానాన్నల దగ్గర ఉంచండి. జరిమానాతో ముగిసే ట్రాఫిక్ కేసుల కాగితాలను కోర్టు శాశ్వతంగా దాచదు. కాన్సులేట్ మాత్రం ఎన్నేళ్లకైనా వాటిని అడగవచ్చు.