ఒంటరి ఆలోచనా, ఉమ్మడి చర్చా: కృత్రిమ మేధకు ఏది మేలు?

కృత్రిమ మేధ మోడళ్ళ చేత లెక్కలూ తార్కిక సమస్యలూ సరిగ్గా చేయించడానికి 2022 నుంచి పరిశోధకులు పట్టిన దారులు ప్రధానంగా రెండు. ఒకే మోడల్‌ను తొందరపెట్టకుండా, అంచెలంచెలుగా ఆలోచించనివ్వడం మొదటిది. పలు మోడళ్ళకు ఒకే ప్రశ్న ఇచ్చి, ఒకదాని జవాబును మరొకటి పరీక్షించి వాదించుకునేలా చేయడం రెండోది. వీటి మధ్య పెద్దగా ప్రచారానికి నోచుకోని మూడో దారి కూడా ఉంది: ఒకే మోడల్‌ను అదే ప్రశ్న పలుమార్లు విడివిడిగా అడిగి, ఎక్కువసార్లు వచ్చిన జవాబును స్వీకరించడం. ఈ మూడోదాన్ని పక్కన పెట్టి మొదటి రెండింటినే పోల్చడం వల్ల చర్చ పద్ధతికి దాని అర్హతకు మించిన పేరు వచ్చిందని నా అభిప్రాయం.

ముందుగా ఒంటరి ఆలోచన సంగతి చూద్దాం. 2022 జనవరిలో గూగుల్‌కు చెందిన జేసన్ వే బృందం 'చైన్ ఆఫ్ థాట్' పద్ధతిని ప్రకటించింది. ప్రశ్నకు ముందు ఎనిమిది నమూనా లెక్కలను, వాటి జవాబులతో పాటు చేసిన విధానాన్ని కూడా రాసి చూపిస్తే, 54,000 కోట్ల పరామితులు (శిక్షణలో సర్దుబాటయ్యే అంకెలు) ఉన్న గూగుల్ 'పామ్' మోడల్ బడి పిల్లల స్థాయి లెక్కల పరీక్ష 'జీఎస్ఎం8కే'లో సాధించిన ఫలితం సుమారు 18 శాతం నుంచి 57 శాతానికి పెరిగింది. అదే ఏడాది మేలో మరో బృందం ఉదాహరణలేవీ ఇవ్వకుండా 'అంచెలంచెలుగా ఆలోచిద్దాం' అన్న ఒక్క వాక్యం జోడించి, మరో లెక్కల పరీక్షలో ఫలితాన్ని 17.7 నుంచి 78.7 శాతానికి తీసుకువెళ్ళింది. ఇందులో మాయ ఏమీ లేదు. ఒక్కో పదాన్ని పుట్టించడానికి మోడల్ చేయగలిగిన గణన పరిమితమైనది కనుక, మధ్యలో రాసుకున్న ప్రతి మెట్టూ దానికి చిత్తు కాగితంలా ఉపయోగపడుతుంది. నోటి లెక్కకు లొంగనిది కాగితం మీద లొంగినట్టే ఇదీ.

తర్వాతి పెద్ద అడుగు శిక్షణలో పడింది. జవాబుకు ముందు దీర్ఘంగా ఆలోచించేలా శిక్షణ పొందిన మోడళ్ళను రెండు సంస్థలు తెచ్చాయి: ఓపెన్‌ఏఐ 2024 సెప్టెంబరులో 'ఓ1'ను, డీప్‌సీక్ 2025 జనవరిలో 'ఆర్1'ను విడుదల చేశాయి. డీప్‌సీక్ 'ఆర్1-జీరో' ప్రయోగంలో మోడల్‌కు ఎలా ఆలోచించాలో మెట్టు మెట్టునా ఎవరూ నేర్పలేదు. చివరి జవాబు సరైనదా కాదా అన్నదాన్ని బట్టే రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ పద్ధతిలో ప్రధానంగా ప్రతిఫలం ఇచ్చారు. శిక్షణ సాగే కొద్దీ అది తనంతట తానే ఎక్కువసేపు ఆలోచించడం, మధ్యలో ఆగి వెనక్కు వెళ్ళి సరిచూసుకోవడం అలవరచుకుంది. అమెరికాలో హైస్కూలు విద్యార్థులకు జరిపే ఏఐఎంఈ గణిత పరీక్షలో దాని ఫలితం 15.6 శాతం నుంచి 71 శాతానికి చేరింది. అదే మోడల్ చేత పలుమార్లు చేయించి ఎక్కువసార్లు వచ్చిన జవాబు తీసుకుంటే 86.7 శాతం. ఈ చివరి అంకె మీద చూపు నిలపమని పాఠకులను కోరుతున్నాను. చర్చను తూచడానికి అసలైన తూనికరాయి ఇక్కడే ఉంది.

పలు మోడళ్ళ చర్చను ముందుకు తెచ్చినవాటిలో ముఖ్యమైనది 2023 మేలో ఎంఐటీ, గూగుల్ పరిశోధకులు ప్రకటించిన పని. మూడు మోడల్ ప్రతులు ఒకే లెక్కను విడివిడిగా చేస్తాయి, ఆపై మిగతావాటి సమాధానాలు చదివి తమ జవాబును సవరించుకుంటాయి. ఇలా రెండు విడతలు సాగాక జీఎస్ఎం8కేలో ఫలితం 77 నుంచి 85 శాతానికి పెరిగింది. ఒంటరి మోడల్‌తో పోలిస్తే ఇది స్పష్టమైన లాభమే. అయితే ఆ ఒంటరి మోడల్‌కు దక్కింది ఒక్క ప్రయత్నం. చర్చలో పాల్గొన్నవాటికి దక్కినవి అనేకం. అదే ఏడాది గూగుల్ డీప్‌మైండ్, ఇలినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ తేడాను సరిచేసి, ఇరువైపులా తొమ్మిదేసి సమాధానాలతో పోల్చారు. చర్చకు 83 శాతం వస్తే, ఏ మాటామంతీ లేకుండా, ఎక్కువసార్లు వచ్చిన జవాబును తీసుకునే ఓట్ల లెక్కింపుకు 88.2 శాతం వచ్చింది. అంటే లాభం తెచ్చింది సంభాషణ కాదు, ప్రయత్నాల సంఖ్య.

ఇలా ఎందుకు జరుగుతుందో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. ఒక ట్యాంకును మొదటి గొట్టం 6 గంటల్లో, రెండో గొట్టం 12 గంటల్లో నింపుతాయి. రెండూ కలిసి ఎన్ని గంటల్లో నింపుతాయి? గంటకు ఆరో వంతు, పన్నెండో వంతు కలిపితే నాలుగో వంతు, కనుక జవాబు 4 గంటలు. మూడింటిలో రెండు మోడళ్ళు సగటు తీసి 9 అన్నాయనుకుందాం. మూడోది 4 అని సరిగ్గానే చెప్పినా, రెండో విడతలో మిగతా రెండింటి నిబ్బరమైన వివరణ చదివి, 'మీరన్నది సబబే' అంటూ తన జవాబు మార్చుకునే ప్రమాదం ఉంది. ఒక్క గొట్టమే 6 గంటల్లో నింపేదానికి రెండు కలిస్తే 9 గంటలు ఎలా పడతాయని అడిగే గొంతు అక్కడితో ఆగిపోతుంది. పదిమందిలో పాము చావదన్న సామెత ఈ స్థితికి సరిగ్గా అతుకుతుంది. ఓట్ల పద్ధతిలోనూ ఆ విడతకు 9 గెలిచేదే. కానీ అక్కడ ప్రయత్నాలు ఒకదాని నీడ మరొకదాని మీద పడకుండా సాగుతాయి కనుక, సంఖ్య పెంచే కొద్దీ సరైన జవాబు పైకి తేలే అవకాశం మిగిలి ఉంటుంది.

అయినా చర్చను కొట్టిపారేయడం తప్పవుతుంది. ఏ జవాబు సరైనదో తేల్చవలసిన తీర్పరికి దాన్ని సరిచూడగలిగే శక్తి లేనప్పుడు చర్చ విలువ బయటపడుతుంది. 2018లో జెఫ్రీ ఇర్వింగ్, పాల్ క్రిస్టియానో, డారియో అమోడై అనే పరిశోధకులు ప్రతిపాదించిన ఆలోచన ఇదే. 2024లో వెలువడిన ఒక పరిశోధనలో, మూలపాఠాన్ని చదివిన రెండు మోడళ్ళు ఎదురెదురు జవాబుల పక్షాన వాదించగా, ఆ పాఠం చూడని తీర్పరులు సరైన జవాబు ఎంచుకోవలసి వచ్చింది. వాదన విన్న మనుషులు 88 శాతం, మోడళ్ళు 76 శాతం సరిగ్గా ఎంచుకున్నారు. వాదన లేనప్పుడు ఆ అంకెలు 60, 48 మాత్రమే. ఇక్కడ రెండు పక్షాలూ ఒప్పుకోకపోవడమే పద్ధతి. ఏకాభిప్రాయం కోసం సాగే చర్చకూ ఈ వాదానికీ ఉన్న తేడా చిన్నది కాదు. ఒంటరి మోడల్ రాసుకున్న ఆలోచనను నమ్మి తీర్పు చెప్పవచ్చు కదా అంటే, అదీ పూర్తిగా నమ్మదగినది కాదు: 2025లో కృత్రిమ మేధ సంస్థ ఆంత్రోపిక్ జరిపిన పరీక్షలో, ప్రశ్నలోనే ఇమిడి ఉండి జవాబును పట్టిచ్చే సూచనను వాడుకున్నప్పుడు ఆ సంగతిని ఆ సంస్థ మోడల్ క్లాడ్ 3.7 సానెట్ సగటున 25 శాతం, ఆర్1 39 శాతం సందర్భాల్లోనే తమ ఆలోచనలో చెప్పుకున్నాయి.

సహకారం రాణించే మరో చోటు పని పంపకం. ఒకేసారి పలు వైపులా వెతకవలసిన పరిశోధన పనుల్లో, ఒక నాయక మోడల్ కింద అనేక మోడళ్ళు పనిచేసే ఏర్పాటు ఒంటరి మోడల్ కన్నా 90.2 శాతం మెరుగైందని ఆంత్రోపిక్ 2025 జూన్‌లో తన అంతర్గత పరీక్ష ఆధారంగా ప్రకటించింది. మామూలు సంభాషణతో పోలిస్తే అందుకు సుమారు 15 రెట్ల టోకెన్లు (మోడల్ చదివే, రాసే మాటల ముక్కలు) ఖర్చయ్యాయని కూడా చెప్పింది. ఒక భాగం మరో భాగం మీద గట్టిగా ఆధారపడే పనులకు ఈ ఖర్చు దండగ.

కనుక, జవాబును యంత్రమే సరిచూడగల లెక్కలకూ ప్రోగ్రాములకూ దీర్ఘంగా ఆలోచించే ఒక్క మోడల్‌నే ఎంచుకుంటాను. దాని మీద ఇంకా నమ్మకం కావాలంటే చర్చకు బదులు విడివిడి ప్రయత్నాల ఓటును చేరుస్తాను. సమాచారం చెల్లాచెదురుగా ఉంటే పని పంపకం, తీర్పరికి విషయం తెలియకపోతే ఎదురెదురు వాదం సరైనవి.

ఆలోచననూ సహకారాన్నీ పోటీదారులుగా చూడనక్కరలేదనడానికి 2025లో 'నేచర్ హ్యూమన్ బిహేవియర్'లో వచ్చిన పరిశోధన ఒకటి నన్ను ఆకట్టుకుంది. ఇద్దరు ఆటగాళ్ళ ఇష్టాలు వేరు, కానీ ఇద్దరూ ఒకదాన్నే ఎంచుకుంటేనే ఇద్దరికీ లాభం. ఇలాంటి ఆటలో అవతలివారు వంతులవారీగా మారుతున్నా, ఓపెన్‌ఏఐ మోడల్ జీపీటీ-4 తన ఇష్టాన్నే పట్టుకు కూర్చుంది. అవతలి ఎత్తు ఏమిటో ఊహించమంటే మాత్రం సరిగ్గానే చెప్పగలిగింది. ముందు ఆ ఊహ చెప్పి, ఆపైనే తన ఎత్తు వేయమనేసరికి, అది కూడా వంతులు పాటించడం మొదలుపెట్టింది.