వల పడేదాకా ఒక లెక్క, పడ్డాక ఒక లెక్క: టెంపోరల్‌తో నాలుగేళ్లు

భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో రొయ్యలు కొని ప్రాసెసింగ్ ప్లాంట్లకు పంపే ఒక సంస్థకు నేను సాఫ్ట్‌వేర్ పని చూస్తాను. రైతు ఫోను చేసి "రేపు తెల్లవారుజామున పట్టుబడి పెట్టుకున్నాం" అనడంతో మా పని మొదలవుతుంది. అతని ఖాతాలో డబ్బు పడితే ముగుస్తుంది. ఈ మధ్యలో ఆరు బయటి వెబ్ సేవలను వరుసగా పిలవాలి: వ్యాను, ఐసు, పట్టుబడి కూలీల ముఠా, కాటా లెక్కలు, బ్యాంకు చెల్లింపు, ఫోను సందేశం. ఒక్కొక్కటి నూటికి 99.9 పాళ్లు పనిచేస్తుందనుకున్నా, ఆరూ ఒకేసారి బాగుండే పాలు 99.4కు దిగుతుంది. అంటే నెలలో నాలుగు గంటలకు పైగా ఎక్కడో ఒకచోట గొలుసు తెగి ఉంటుంది. రొయ్య ఆ నాలుగు గంటలు ఆగదు.

ఇప్పుడు ఈ గొలుసును టెంపోరల్ నడుపుతోంది. పలు సేవల మీదుగా సాగే పనిని అడుగడుగునా గుర్తుంచుకుని నడిపించే సాఫ్ట్‌వేర్ అది. దానికి ముందు మేము అందరూ చేసే పనే చేశాం. డేటాబేసులో "స్థితి" అని ఒక గడి, అయిదు నిమిషాలకొకసారి లేచి ఆగిపోయిన పనులను మళ్లీ పిలిచే ఒక ప్రోగ్రాము. అది ఏడాదిపాటు నడిచింది. ఒకరోజు చెల్లింపు సేవ నుంచి జవాబు రాక గడువు దాటింది. మా ప్రోగ్రాము దాన్ని విఫలమైనట్టు లెక్కవేసి మళ్లీ పంపింది. నిజానికి మొదటి చెల్లింపు అప్పటికే జరిగిపోయింది. మర్నాడు ఉదయం ఆ రైతే ఫోను చేసి, "రెండోసారి పడ్డ డబ్బు ఎవరికి పంపమంటారండీ?" అని అడిగారు. ఆయన మంచితనం మీద ఆధారపడి సాఫ్ట్‌వేర్ రాయకూడదని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఇదే పనికి బీపీఈఎల్ అనే, వెబ్ సేవలను వరుసగా కలిపే భాష వాడాను. 2007లో ఓయాసిస్ అనే సంస్థ ప్రమాణంగా వచ్చిన దాని రూపం డబ్ల్యూఎస్-బీపీఈఎల్ 2.0లో, జరిగిన పనికి విరుగుడు పని, అంటే దాన్ని సరిదిద్దే పని, రాసుకునే వీలు అప్పుడే ఉంది. ఆలోచనలో లోపం లేదు, కానీ అంతా ఎక్స్‌ఎంఎల్ అనే ట్యాగుల రాతలో రాయాలి. చిన్న షరతు మార్చాలన్నా ఒక పూట పట్టేది. టెంపోరల్‌లో అదే తర్కాన్ని మామూలు కోడుగా రాస్తాం. మేము గో భాషలో రాశాం. టెంపోరల్ వెనుక అనుభవం కూడా పాతదే: మాక్సిమ్ ఫతేయేవ్ అమెజాన్‌లో సింపుల్ వర్క్‌ఫ్లో సేవ మీద, సమర్ అబ్బాస్ మైక్రోసాఫ్ట్‌లో డ్యూరబుల్ టాస్క్ మీద పనిచేసి, ఉబర్‌లో కలిసి ఇలాంటిదే అయిన కేడెన్స్ కట్టి, 2019లో టెంపోరల్ మొదలుపెట్టారు. ఎవరైనా ఉచితంగా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సు కాబట్టి సర్వర్‌ను మేమే పోస్ట్‌గ్రెస్ డేటాబేసు మీద నడుపుకుంటున్నాం.

ఇది చేసే అసలు పని ఒక్కటే. ప్రతి అడుగునూ చరిత్రగా రాసి పెట్టుకుంటుంది. నడిపే యంత్రం పడిపోతే, మరో యంత్రం ఆ చరిత్రను మొదటి నుంచి చదువుతూ కోడును మళ్లీ నడిపిస్తుంది. అప్పటికే జరిగిన అడుగులను తిరిగి చేయకుండా వాటి ఫలితాలనే అందిస్తుంది. ఒక తుఫాను రాత్రి దీని విలువ కళ్లారా చూశాను. 1:42కు వ్యాను ఖాయమైంది. 1:44కు ఐసు ఆర్డరు వెళ్లింది. 1:45కు కరెంటు పోయి, ఇన్వర్టరు కూడా చేతులెత్తేసి, ఆఫీసులో మా కోడును నడిపే వర్కర్ ప్రోగ్రాములన్నీ ఆగిపోయాయి. డీజిలు తెచ్చి జనరేటరు వేసేసరికి 3:20. తెర మీద మూడో అడుగు, ముఠాకు కబురు, 3:21కు నమోదైంది. రెండో వ్యాను రాలేదు, రెండో ఐసు ఆర్డరు పోలేదు. పాత పద్ధతిలో అయితే ఆ రాత్రంతా ఒక్కొక్కరికీ ఫోను చేసి "మీకు ఎన్నిసార్లు చెప్పాం?" అని అడుగుతూ కూర్చునేవాళ్లం.

అయితే టెంపోరల్ పెట్టినంత మాత్రాన రెండుసార్లు చెల్లించే ప్రమాదం తొలగిపోదు. బయటి సేవను పిలిచే అడుగు కనీసం ఒక్కసారి జరుగుతుందన్నదే దాని హామీ, ఒక్కసారే జరుగుతుందని కాదు. పైగా మనం మార్చకపోతే ఒక సెకనుతో మొదలై, ప్రతిసారీ రెట్టింపవుతూ, వంద సెకన్ల ఎడం దాకా పెరిగి, అంతులేకుండా మళ్లీ ప్రయత్నిస్తుంది. అందుకని ప్రతి చెల్లింపుకూ పట్టుబడి సంఖ్య నుంచే ఒక గుర్తు తయారుచేసి పంపుతున్నాం. ఎన్నిసార్లు పంపినా గుర్తు మారదు కాబట్టి అవతలి సేవ రెండోదాన్ని పోల్చుకుని వదిలేస్తుంది. అలాంటి గుర్తును పట్టించుకోని సేవ ఒకటి మాకు తగిలింది. దానికి ప్రయత్నాల సంఖ్యను ఒకటికి కుదించి, జవాబు రాకపోతే ముందు "ఈ చెల్లింపు మీ దగ్గర నమోదైందా?" అని అడిగే అడుగు పెట్టాం. లేదని ఖాయంగా తేలితేనే మళ్లీ పంపుతాం. తేలకపోతే మా గుమాస్తా గారి తెర మీదికి వస్తుంది. సందేశాలకు మాత్రం ఇరవై నిమిషాల గడువు చాలు. "వ్యాను బయలుదేరింది" అనే కబురు మధ్యాహ్నం చేరితే రైతుకు ఎందుకు?

ఇక విరుగుడు పనుల సంగతి. 1987లో గార్సియా-మొలీనా, సేలం రాసిన సాగా పద్ధతిలో, పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టి, ప్రతిదానికీ ఒక విరుగుడు రాసుకుంటాం. మధ్యలో చెడితే వెనక నుంచి ఒక్కొక్కటీ విప్పుకుంటూ రావాలి. కాగితం మీద అందంగా ఉంటుంది. నేనూ మొదట ఆరు అడుగులకూ ఆరు విరుగుళ్లు రాసి సంతోషించాను. మా పట్టుబడి మేస్త్రి గారికి అది వివరిస్తుంటే ఆయన, "ఐసు దిమ్మ కొట్టించాక వెనక్కి తీసుకోరు బాబూ. వల లాగాక రొయ్యను చెరువులో వదలలేం" అన్నారు. ఆ రెండు మాటలకు నా నమూనా సగం మారిపోయింది.

ఐసు ఆర్డరుకు విరుగుడు "ఆర్డరు తీసివేయి" కాదు. దిమ్మ కొట్టకముందైతే రద్దు, కొట్టాకైతే ఆ ఐసును దగ్గర్లోని మరో పట్టుబడికి మళ్లించడం. వల పడ్డాకైతే వెనక్కి నడవడమే లేదు. అక్కడి నుంచి ప్రతి అడుగూ ముందుకే పోవాలి. వ్యాను చెడిపోతే పట్టుబడి రద్దు కాదు, వేరే వ్యాను. బ్యాంకు పలకకపోతే సరుకు ఆగదు, చెల్లింపు తర్వాత జరుగుతుంది. అందుకే అడుగుల వరుస కూడా మార్చాం: రద్దు చేసుకోగలిగేవన్నీ ముందు, వల మధ్యలో, ఎంతసేపైనా మళ్లీ ప్రయత్నించదగినవి తర్వాత. ఈ గీత ఎక్కడ గీయాలో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. గట్టు మీద పనిచేసేవాళ్లను అడగాలి.

ఆ వరుస మార్చే రోజున నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. నడుస్తున్న పట్టుబడులు ఉండగానే కొత్త కోడు పెట్టేశాను. పాత చరిత్రకూ కొత్త కోడుకూ పొంతన కుదరక తొమ్మిది పనులు ఉన్నచోటే ఆగిపోయాయి. ఏదీ పోలేదు. పాత కోడు తిరిగి పెట్టగానే కదిలాయి. వర్క్‌ఫ్లో కోడు, అంటే అడుగుల వరుసను నడిపే కోడు, ఒకే చరిత్రకు ఎప్పుడూ ఒకే దారిలో నడవాలి. గడియారం చూడటం, పాచిక వేయడం లాంటివి నేరుగా చేయకూడదు. మార్పులకు గెట్‌వెర్షన్ వాడాలి, అది నడుస్తున్న పనులకు పాత దారిని, కొత్తవాటికి కొత్త దారిని చూపిస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు ఇది ఒంటబట్టడానికి నెలకు పైనే పడుతోంది. ఈ శ్రమను ముందే లెక్కలో వేసుకోండి.

మరో హద్దు. చెరువుకొక వర్క్‌ఫ్లో పెట్టి, అరగంటకొకసారి వచ్చే ఆక్సిజన్ కొలతను దానికి పంపాం. ఒక్కో కొలతకు చరిత్రలో నాలుగు నమోదులు, రోజుకు 192. టెంపోరల్ హెచ్చరిక మొదలయ్యే 10,240 నమోదులకు 53 రోజులు చాలు. మా పంట నాలుగు నెలలు. 51,200 దాటితే టెంపోరల్ ఆ పనినే ఆపేస్తుంది. ఇప్పుడు కొలతలను వేరే పట్టికలో రాసి, ప్రమాదం ఉన్నప్పుడే వర్క్‌ఫ్లోకు కబురు పంపుతున్నాం. కాటా చీటీల ఫోటోలను కూడా ఆ చరిత్రలో పెట్టకండి, అవి ఎక్కడున్నాయో చెప్పే చిరునామా చాలు.

రెండు సేవలను మాత్రమే కలిపే పని అయితే ఇంత బరువు అవసరం లేదు. ఒక పట్టిక, జాగ్రత్తగా రాసిన గుర్తు సరిపోతాయి. నాలుగు దాటి, మధ్యలో మనిషి అనుమతి కోసం గంటలు ఆగాల్సి వస్తే మాత్రం దీన్నే వాడమంటాను.

మా మేస్త్రి గారి ఫోనులో ఇప్పుడు "వల వేశాం" అని ఒకే ఒక మీట ఉంది. ఆయన దాన్ని నొక్కిన క్షణం నుంచి ఆఫీసులో ఎవరి తెర మీదా ఆ పట్టుబడికి రద్దు మీట కనిపించదు.