పాత మేడకు డంగు సున్నమా, సిమెంటా?

హైదరాబాద్ గౌలిగూడలో మా మామయ్య వాటాకు మేడమీది పోర్షన్ వచ్చింది. భవనం వారసత్వ కట్టడాల జాబితాలో ఉంది. వీధివైపు ముఖాన్ని అనుమతి లేకుండా ముట్టుకోకూడదు, సరే. గొడవంతా లోపలి గోడల దగ్గరే మొదలైంది.

సిమెంటు మేస్త్రీ పది రోజుల్లో అప్పగిస్తానన్నాడు. సున్నం పని తెలిసిన పెద్దాయన రెండు నెలలు అడిగాడు. డంగు సున్నమంటే మాటలా, సున్నం నానాలి, గానుగలో నలగాలి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలవాలి. పూశాక కూడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ నిదానంగా గట్టిపడుతుంది. కూలీ కూడా ఎక్కువే.

అయినా నా ఓటు సున్నానికే. పాత గోడ చెమ్మ పీల్చుకుంటుంది, ఎండకు మళ్ళీ వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ చెమ్మ బయటికి రాలేక లోపలే ఉండిపోతుంది. ఉప్పు పేరుకుని, పూత ఉబ్బి, ఊడేటప్పుడు పాత ఇటుక ముక్కలను కూడా లాక్కుని పోతుంది. హాల్లో వెనకటి కిరాయిదారు పూయించిన సిమెంటును చేత్తో లాగితే పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పనుల్లోనూ గత శతాబ్దంలో పూసిన సిమెంటును తీసేసి సున్నం పూశారు.

ఒక్క జాగ్రత్త. సున్నం పూసి దాని మీద ప్లాస్టిక్ పెయింట్ వేస్తే గోడకు రెయిన్‌కోటు తొడిగినట్టే. వెల్లే వేయాలి.

బాత్రూమ్‌కు మాత్రం సున్నం నప్పదు. అక్కడ వాటర్‌ప్రూఫింగ్, టైల్స్ తప్పవు. అయితే కమోడ్ పైపుల కోసం నేల ఎత్తు పెంచి అరడుగు కాంక్రీటు పోద్దామంటే ఇంజినీరు ఒప్పుకోలేదు, కింద ఉన్నవి పాత టేకు దూలాలు. పైపులు గోడ వెంట బయటే నడిపించాం. చూడ్డానికి అంత బాగుండదు, కానీ లీకైతే వెంటనే కనిపిస్తుంది.

వైరింగ్ కూడా అంతే. గాడి కొడితే సున్నం గోడ గంపెడు రాలుతుంది. అందుకే పైనే పైపు వేసి, ఏసీకి విడిగా లైను లాగాం. ఫాల్స్ సీలింగ్ వద్దన్నాను. దూలాలు మూసేస్తే చెద పట్టినా తెలియదు.

పని ముగిసి రెండు నెలలైంది. వెల్ల చీరకు అంటుతోందని మా అత్తయ్య దివాన్‌ను గోడకు జానెడు దూరం జరిపించింది.